సరయేవో: యుద్ధం చూపించే ఊళ్లో ప్రైడ్ మార్చ్

బోస్నియా రాజధాని సరయేవో నడిబొడ్డున, ఫెర్హాదియా వీధి వచ్చి మార్షల్ టిటో వీధిలో కలిసే మూలన ఒక జ్యోతి వెలుగుతుంటుంది. స్థానికులు దాన్ని 'వియెచ్న వాత్ర' అంటారు. మన మాటల్లో అఖండ జ్యోతి. 1945 ఏప్రిల్ 6న నాజీల చెర నుంచి ఊరు బయటపడింది. సరిగ్గా ఏడాదికి, ఆ పోరులో పోయినవాళ్ల గుర్తుగా దీన్ని వెలిగించారు. ఊరు చూడ్డానికి వచ్చినవాళ్లు ఇక్కడ ఆగి ఫొటో తీసుకోకుండా ముందుకు కదలరు.

బోస్నియాలో మొట్టమొదటి ప్రైడ్ మార్చ్ బయల్దేరింది కూడా ఇక్కడి నుంచే. 2019 సెప్టెంబరు 8, ఆదివారం. గేలు, లెస్బియన్లు, ట్రాన్స్‌జెండర్లు, వాళ్ల స్నేహితులు, తల్లిదండ్రులు కలిసి రెండు వేల మంది పైచిలుకు. వాళ్లకు కాపలాగా వెయ్యి మందికి పైగా పోలీసులు. అంటే నడిచే ఇద్దరు ముగ్గురికి ఒక పోలీసు. టిటో వీధి పొడవునా నడిచి పార్లమెంటు ముందు ఆగారు. పెద్ద గొడవేమీ జరగలేదు. అదే ఆ రోజు వార్త. పూర్వపు యుగోస్లావియా నుంచి విడిపోయిన దేశాల రాజధానుల్లో ప్రైడ్ జరగనిది అప్పటికి సరయేవో ఒక్కటే. కొసొవో రాజధాని ప్రిష్టినాలో 2017లోనే జరిగింది. సరయేవో కంటే రెండు నెలల ముందు ఉత్తర మాసిడోనియా రాజధాని స్కోప్యే కూడా ఆ ముచ్చట తీర్చుకుంది.

ఎందుకింత ఆలస్యం? మతం అనేస్తే పని తేలికైపోతుంది, కానీ అది సగం జవాబే. మిగతా సగం ఆ దేశానికి శాంతి ఎలా దక్కిందన్న దాంట్లో ఉంది. అది తెలియాలంటే ముందు టూరిస్టు వెంట ఊరు చూడాలి.

స్కూల్లో మొదటి ప్రపంచ యుద్ధం పాఠం చదివినవాళ్లకు ఈ ఊరు కొత్త కాదు. 1914 జూన్ 28న ఆస్ట్రియా యువరాజు ఫెర్డినాండ్‌ను కాల్చి చంపింది ఇక్కడే, మిల్యాత్స్‌క నది మీద లాటిన్ వంతెన పక్కన. నది అనడమే గానీ ఎండాకాలంలో మన పంటకాలువంత ఉంటుంది. వంతెనకు పది నిమిషాల దూరంలోనే 16వ శతాబ్దపు గాజీ హుస్రెవ్ బేగ్ మసీదు, అదే శతాబ్దపు యూదుల సినగోగ్, 19వ శతాబ్దంలో కట్టిన ఆర్థొడాక్స్, కేథలిక్ చర్చిలు ఉన్నాయి. ఫెర్హాదియా వీధి మధ్యలో నేల మీద ఒక గీత కనిపిస్తుంది, 'సంస్కృతుల కలయిక' అని రాసి. గీతకు తూర్పున ఒట్టోమన్ల నాటి చిన్న చిన్న పెంకుటిళ్ల కొట్లు, పడమరన వియన్నా తరహా మేడలు. గీతకు అటో కాలు ఇటో కాలు వేసి ఫొటో దిగుతారు. నాలుగు మతాలు కలిసి బతికిన ఊరు అన్నది సరయేవో తన గురించి తాను చెప్పుకునే మొదటి మాట.

రెండో మాట యుద్ధం. 1992 ఏప్రిల్ నుంచి 1996 ఫిబ్రవరి దాకా, 1,425 రోజులు, బోస్నియా సెర్బు సైన్యం చుట్టూ కొండల మీద ఫిరంగులు పెట్టుకుని ఊరిని దిగ్బంధించింది. కరెంటు లేదు, నీళ్లు లేవు, గ్యాస్ లేదు. 11,541 మంది చనిపోయారు. ముట్టడి మొదలై ఇరవై ఏళ్లయిన సందర్భంగా 2012 ఏప్రిల్ 6న టిటో వీధిలో మనిషికొకటి చొప్పున అన్ని ఎర్ర కుర్చీలు వరసగా వేశారు. ఖాళీ కుర్చీలు. వాటిలో పిల్లల కోసం వేసిన చిన్న కుర్చీలు కూడా ఉన్నాయి.

ఇప్పుడు ఆ యుద్ధం చూడ్డానికి జనం డబ్బులిచ్చి వస్తారు. మోర్టార్ గుండు పడి పేవ్‌మెంటు మీద పువ్వు ఆకారంలో పగుళ్లిచ్చిన చోట్ల ఎర్రటి రెజిన్ పోశారు. వాటికి 'సరయేవో గులాబీలు' అని పేరు. 1993లో ఎయిర్‌పోర్టు రన్‌వే కింద 800 మీటర్ల సొరంగం తవ్వి తిండి, మందులు, ఆయుధాలు లోపలికి తెచ్చుకున్నారు. అందులో కొద్ది మీటర్లు ఇప్పుడు మ్యూజియం, వంగి నడవాలి. పాత బజారు బాష్‌చార్షియాలో రాగి పనివాళ్ల సందు ఒకటుంది, కజాన్‌జిలుక్ అంటారు. కాఫీ కాచుకునే పొడుగు పిడి రాగి గిన్నెలు, చిన్న కప్పులు, పళ్లేలు అక్కడ వరసగా మెరుస్తుంటాయి. వాటి మధ్యనే తూటా గొట్టాలతో చేసిన పెన్నులు, ఫిరంగి గుండు తొడుగు మీద లతలు చెక్కి చేసిన పూలకుండీలు. తాతల నాటి సుత్తీ ఉలీ అవే. పని చేసే లోహం మాత్రం కొండ మీది నుంచి వచ్చి పడింది. చేతికి తీసుకుంటే చిన్న తొడుగు కూడా బరువుగానే ఉంటుంది. కొనాలా వద్దా అని తటపటాయించేవాళ్లూ ఉంటారు, బేరమాడేవాళ్లూ ఉంటారు.

ఈ రెండు మాటలనూ, కలిసి బతికాం, కలిసి బతకడాన్నే చంపాలని చూశారు అన్న రెండు మాటలనూ, టూర్ గైడ్లు ఒకే కథగా అల్లి చెబుతారు. కథ అబద్ధం కాదు. కానీ ఆ కలిసి బతకడం ఇవాళ్టి చట్టంలో ఎలా రాసి ఉందో చూస్తే కథకు ఇంకో వైపు కనిపిస్తుంది.

1995 నవంబరులో అమెరికాలోని డేటన్‌లో కుదిరిన ఒప్పందంతో యుద్ధం ఆగింది. బోస్నియా రాజ్యాంగం వేరే రాసుకున్నది కాదు, ఆ ఒప్పందానికి నాలుగో అనుబంధం. దేశాన్ని రెండు ముక్కలు చేశారు. బోస్నియాక్ ముస్లింలు, క్రొయాట్లు ఎక్కువగా ఉండే ఫెడరేషన్ ఒకటి, సెర్బులు ఎక్కువగా ఉండే రిపుబ్లికా సర్ప్‌స్కా రెండోది. ఫెడరేషన్‌లో మళ్లీ పది కాంటన్లు, అంటే సొంత అసెంబ్లీ ఉన్న పాలనా విభాగాలు. దేశానికి ఒక అధ్యక్షుడు కాదు, ముగ్గురు, జాతికొకరు. ఈ మూడు జాతుల్లో దేనికీ చెందనివాళ్లను రాజ్యాంగం ఒక్క మాటతో తేల్చేసింది: 'ఇతరులు'. యూదులు, రోమాలు (జిప్సీలు), మిశ్రమ వివాహాల పిల్లలు, నేను బోస్నియా పౌరుణ్ణి అంతే అనేవాళ్లు అందరూ ఆ గంపలోకే. వాళ్లు అధ్యక్ష పదవికి పోటీ చేయలేరు. ఒక రోమా, ఒక యూదు కలిసి యూరోపియన్ మానవ హక్కుల కోర్టుకు వెళితే, ఇది వివక్షేనని 2009లోనే తీర్పొచ్చింది. ఆ తీర్పు మేరకు రాజ్యాంగం మాత్రం మారలేదు.

గే హక్కుల చిక్కు సరిగ్గా ఇక్కడుంది. ఈ వ్యవస్థలో ఉద్యోగాలు, పదవులు, స్కూలు పాఠాలు, చివరికి చనిపోయినవాళ్ల జ్ఞాపకం కూడా జాతుల వారీగా పంచుకున్నవే. మనిషిని ముందు అడిగే ప్రశ్న నువ్వెవరివాడివి అని. జనాభా తగ్గిపోతోందని మూడు జాతుల నాయకులకూ బెంగే. 1991లో దాదాపు 44 లక్షలున్న జనం 2013 లెక్కల్లో 35 లక్షలే. పెళ్లాడి పిల్లల్ని కని జాతిని నిలబెట్టడం ఇలాంటి చోట వ్యక్తి ఇష్టంగా మిగలదు, దేశభక్తి అయి కూర్చుంటుంది. గే మనిషి ఏ జాతిలో పుట్టినా ఆ లెక్కకు అడ్డొస్తాడు. ఒక్క రోడ్డు వెయ్యడానికి కూడా ఏళ్ల తరబడి ఒప్పుకోని పార్టీలు ఈ ఒక్క విషయంలో చేతులు కలపడం వింతేమీ కాదు.

ఇది పశ్చిమ దేశాల నుంచి దిగుమతైన జబ్బు అనే వాదన అక్కడా ఉంది, ఇక్కడ వినిపించినట్టే. చరిత్ర చూస్తే తమాషాగా ఉంటుంది. బోస్నియా ఒట్టోమన్ల పాలనలో ఉండగా, 1858 నాటి ఆ సామ్రాజ్య శిక్షాస్మృతిలో స్వలింగ సంబంధాన్ని నేరంగా చూపే సెక్షనే లేదు. నేరం అన్న ముద్ర తర్వాత వచ్చిన ఐరోపా పాలనతో వచ్చింది, సోషలిస్టు యుగోస్లావియాలోనూ కొనసాగింది. 1977లో నేర చట్టాలు రిపబ్లిక్కుల చేతికొచ్చినప్పుడు స్లొవేనియా, క్రొయేషియా, మాంటెనెగ్రో ఆ సెక్షన్ తీసేశాయి. బోస్నియా ఉంచుకుంది. 1984 ఫిబ్రవరిలో సరయేవో వింటర్ ఒలింపిక్స్ జరిపి ప్రపంచాన్ని ఆకట్టుకుంది. ఆ ఏప్రిల్‌లోనే అదే యుగోస్లావియాలో ఉన్న స్లొవేనియా రాజధాని లుబ్లియానాలో గే సంస్కృతి ఉత్సవం జరిగింది. ఒకే దేశం, ఒకే సంవత్సరం. బోస్నియాలో ఆ సెక్షన్ పోవడానికి మాత్రం ఒక యుద్ధం జరిగి ముగియాల్సి వచ్చింది.

నిజానికి చట్టాల వరకు చూస్తే బోస్నియా మరీ వెనకబడిన దేశం కాదు. యూరోపియన్ మానవ హక్కుల ఒడంబడిక నేరుగా అమలవుతుందని డేటన్ రాజ్యాంగంలోనే ఉంది. వివక్ష నిషేధ చట్టం 2009లో వచ్చింది. 2016 సవరణతో లైంగిక ధోరణి, జెండర్ గుర్తింపు అన్న మాటలు అందులో స్పష్టంగా చేరాయి. స్వలింగ జంటలకు గుర్తింపు మాత్రం ఏ రూపంలోనూ లేదు. ఫెడరేషన్ ప్రభుత్వం 2018లో దాన్ని పరిశీలించడానికి ఒక బృందాన్ని వేయాలని నిర్ణయించింది, ఆ తర్వాత జంటల చేతికి కాగితమేమీ రాలేదు. ఈ చట్టాలు చాలావరకు యూరోపియన్ యూనియన్ కేంద్రమైన బ్రస్సెల్స్‌కు చూపించడానికి రాసినవి. వీసా లేకుండా ఐరోపాకు వెళ్లాలి, యూరోపియన్ యూనియన్‌లో చేరాలి, అందుకు ఇవి కావాలి. 2022 డిసెంబరులో అభ్యర్థి హోదా వచ్చింది కూడా. ఇలా రాసిన చట్టం పుస్తకంలో బాగానే ఉంటుంది, వీధిలోకి వచ్చేసరికి దానికి కాపలా కావాల్సి వస్తుంది. స్వలింగ సంబంధాన్ని నేరంగా చూపిన మన 377 సెక్షన్ మీద 2018 తీర్పు వచ్చాక కోర్టు చెప్పినదానికీ ఇంట్లో అన్నం పెట్టే చేతికీ మధ్య ఎంత దూరముందో చూసిన మనవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు.

వీధిలోకి రావడం సరయేవోలో ఎలా సాగిందో చూడాలంటే మళ్లీ టూరిస్టు దారే పట్టాలి.

మిల్యాత్స్‌క ఒడ్డున గుమ్మటంతో చర్చిలా కనిపించే అందమైన భవనం ఒకటుంది. 1899లో ఎవాంజెలికల్ చర్చిగానే కట్టారు. ఇప్పుడది ఫైన్ ఆర్ట్స్ అకాడమీ. దాని ముందున్న ఫెస్తినా లెంతె అనే పాదచారుల వంతెన మధ్యలో మెలి తిరిగి ఉంటుంది. ఆ మెలికలో కూర్చుని ఫొటో దిగని టూరిస్టు అరుదు. 2008 సెప్టెంబరు 24న ఆ అకాడమీలో సరయేవో క్వీర్ ఫెస్టివల్ మొదలైంది. ఆ రోజులు రంజాన్ మాసం. అదే సాకుగా రోజుల తరబడి పత్రికల్లో రెచ్చగొట్టే రాతలు, గోడల మీద పోస్టర్లు. ప్రారంభం రోజు బయట గుంపు చేరింది. లోపలి నుంచి వచ్చినవాళ్లను వెంటాడి కొట్టారు, కనీసం ఎనిమిది మందికి గాయాలయ్యాయి. ఫెస్టివల్ ఆగిపోయింది. నిర్వహించినవాళ్లు చాలాకాలం తెరవెనక్కి వెళ్లిపోవాల్సి వచ్చింది.

అదే ఏటి ఒడ్డున ఇంకాస్త నడిస్తే క్రితేరియాన్ సినిమా హాలు. 2014 ఫిబ్రవరి 1న మెర్లింకా క్వీర్ సినిమా పండగలో చర్చ నడుస్తుండగా ముసుగులేసుకున్న పదిమందికి పైగా లోపలికి దూసుకొచ్చి కొట్టారు. అడిగిన పోలీసు రక్షణ ఆ సమయానికి అక్కడ లేదు. మరోవైపు, ఇదే ఊళ్లో ఏటా ఆగస్టులో సరయేవో ఫిల్మ్ ఫెస్టివల్ జరుగుతుంది. ముట్టడి ఇంకా ముగియకముందే 1995లో మొదలైన పండగ అది, ఊరికి గర్వకారణం. గే కథల సినిమాలు దాని తెర మీదకు వస్తూనే ఉన్నాయి. గే మనిషి తెర మీద ఉన్నంతసేపు ఊరికి ఇబ్బంది లేదు. హాల్లో ప్రేక్షకుడై పక్క సీట్లో కూర్చుంటేనే ఇబ్బంది.

ఈ వైఖరికి అక్కడ ఒక మాట ఉంది: 'ఇజ్‌మెజు చెతిరి జీద'. అక్షరాలా మనం అనే నాలుగు గోడల మధ్యే. ఏం చేసుకుంటారో నాలుగు గోడల మధ్య చేసుకోండి, బయటికి తీసుకురాకండి. మర్యాదస్తులు కూడా అదే అంటారు, తాము ఎంతో ఉదారంగా ఉన్నామన్న నమ్మకంతో. సరయేవో నోట ఈ మాట వింటే చివుక్కుమంటుంది. నాలుగేళ్లపాటు ఏ నాలుగు గోడలూ ఎవరినీ కాపాడలేదని ఆ ఊరికి తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు? పైగా గే పిల్లల్లో చాలామందికి దెబ్బ మొదట తగిలేది ఆ నాలుగు గోడల మధ్యనే. మొదటి ప్రైడ్‌కు పెట్టుకున్న నినాదం 'ఇమా ఇజాచ్'. వీధి యాసలో ఉన్న మాట. బయటికి రావాల్సిందే అన్నట్టు. గోడల మాటకు సూటి జవాబు అది.

బయటికి రావడానికి కట్టాల్సిన మూల్యం మాటల్లో మాత్రమే లేదు. సభలు, ఊరేగింపుల చట్టం అక్కడ కాంటన్ చేతిలో ఉంటుంది. రక్షణ ఏర్పాట్ల భారం నిర్వాహకుల మీదే పడింది. రోడ్డుకు అడ్డంగా కాంక్రీటు దిమ్మలు, కంచెలు మీ ఖర్చుతోనే పెట్టుకోండన్నారు. ఇదే ఊళ్లో వేరే ర్యాలీలకు ఇలాంటి షరతులు లేవు కదా అని నిర్వాహకులు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. కొట్టేవాడి కోపానికి బిల్లు దెబ్బలు తినేవాడి పేరున రావడం ఏం లెక్క? ముందు రోజు కుటుంబ విలువల పేరుతో వ్యతిరేక ర్యాలీ జరిగింది. కాంటన్ అసెంబ్లీ సభ్యురాలొకరు ఇలాంటివాళ్లను పిల్లలకు, సమాజానికి దూరంగా పెట్టాలన్నారు. వేరుగా పెట్టడం అనే మాటకు ఆ దేశంలో ఎలాంటి చరిత్ర ఉందో ఆవిడకు తెలియక కాదు.

మార్చ్ సాగిన ఆ దారి మామూలు రోజుల్లో నింపాదిగా నడిచినా ఇరవై నిమిషాలు పట్టదు. ఆ ఇరవై నిమిషాల్లో ఊరి కథంతా ఎదురవుతుంది. ఎర్ర కుర్చీలు వేసిన వీధి ఇదే. దారిలో ఒక పార్కు, ముట్టడిలో చనిపోయిన పిల్లల గుర్తుగా అందులో ఆకుపచ్చ గాజు స్మారకం. దానికి ఎదురుగా గల్ఫ్ పెట్టుబడితో కట్టిన బీబీఐ సెంటర్ మాల్, లోపల మద్యం దొరకదు. కొన్నేళ్లుగా ఎండాకాలంలో గల్ఫ్ కుటుంబాలు సరయేవోకు పెద్ద సంఖ్యలో వస్తున్నాయి, చల్లదనం కోసం, హలాల్ భోజనం కోసం. ఐరోపా నుంచి వచ్చేవాళ్లు కాఫీ, బీరు, యుద్ధ చరిత్ర కోసం వస్తారు. ఊరి వ్యాపారానికి ఇద్దరూ కావాలి. ఇంద్రధనుస్సు జెండా కనిపిస్తే ఎవరు మొహం తిప్పుకుంటారో, ఎవరు నవ్వుతారో అన్న టెన్షన్ హోటల్ కౌంటర్ దగ్గరా ఉంటుంది. గే బార్ల వీధి లాంటిది ఈ ఊళ్లో లేదు. వచ్చే గే జంటలకు మామూలుగా దొరికే సలహా ఒక్కటే: గది తీసుకోవడానికి భయం లేదు, రోడ్డు మీద మాత్రం చెయ్యి పట్టుకోకండి. మళ్లీ ఆ నాలుగు గోడలే, ఈసారి అద్దెకు.

దారి చివర పార్లమెంటు. 1992 ఏప్రిల్ మొదటి వారంలో ఇక్కడే వేలమంది చేరారు. మూడు జాతులవాళ్లూ కలగలిసి, యుద్ధం వద్దని. ఏప్రిల్ 5న దగ్గర్లోని వ్రబాన్యా వంతెన మీద సుయాదా దిల్‌బెరోవిచ్, ఓల్గా సుచిచ్ అనే ఇద్దరు మహిళలు తూటాలకు బలయ్యారు. ఒకరు బోస్నియాక్ కుటుంబం నుంచి వచ్చిన వైద్య విద్యార్థిని, ఇంకొకరు క్రొయాట్. వంతెనకు ఇప్పుడు ఆ ఇద్దరి పేర్లే. మరుసటి రోజు ఎదురుగా ఉన్న పసుపురంగు హాలిడే ఇన్ హోటల్లోంచి జనం మీదికి కాల్పులు జరిగాయి. నీదే జాతి అని అడగకుండా ఆ ఊరి జనం ఒక్కచోట చేరిన పెద్ద సభల్లో అది ఒకటి. ఇరవై ఏడేళ్ల తర్వాత జాతి లెక్క అడగని ఇంకో గుంపు అదే చోటుకు నడిచొచ్చింది. ప్రైడ్‌లో బోస్నియాక్, సెర్బు, క్రొయాట్ అని విడిగా వరసలు ఉండవు. ఎవరూ పెద్దగా చెప్పుకోలేదు గానీ, ఆ మార్చ్ మీద ఉన్న కోపంలో కొంత దీనికి కూడా చెందుతుంది.

ఇదంతా సరయేవో సంగతి. ఊరి కేంద్రం నుంచి టాక్సీలో కాసేపు వెళితే తూర్పు సరయేవో వస్తుంది. సరిహద్దులో ఎవరూ ఆపరు, బోర్డుల మీద అక్షరాలు మాత్రం సెర్బులు వాడే సిరిలిక్ లిపిలోకి మారతాయి. అక్కడి నుంచి రిపుబ్లికా సర్ప్‌స్కా. దాని ముఖ్యపట్టణం బాన్యాలూకాలో 2023 మార్చి 18న గే హక్కుల సినిమా ప్రదర్శన ఒకటి పెట్టుకున్నారు. పోలీసులు భద్రత కారణం చూపి నిషేధించారు. ఆ రాత్రి కార్యకర్తల మీద, వాళ్లతో ఉన్న విలేకరుల మీద దాడి జరిగింది. దానికి ముందే అక్కడి పెద్ద నాయకులు ఆ కార్యక్రమం జరగకూడదని బహిరంగంగా అన్నారు. సరయేవోలో పోలీసులు కంచెకు లోపల నిలబడి మార్చ్‌ను నడిపించారు. బాన్యాలూకాలో కాపలా కాయడం కంటే ఆపేయడం తేలికనుకున్నారు. ఒకే దేశం, ఒకే వివక్ష నిషేధ చట్టం.

మార్చ్‌లో మాట్లాడనిది ఒకటుంది. యుద్ధంలో ఆడవాళ్ల మీద జరిగిన అత్యాచారాల గురించి ప్రపంచం విన్నది. నిర్బంధ శిబిరాల్లో మగవాళ్ల మీద కూడా లైంగిక హింస జరిగిందని, యుగోస్లావియా యుద్ధ నేరాలను విచారించిన హేగ్ ట్రిబ్యునల్ తొలి కేసుల్లోనే రుజువైంది. ఆ మగవాళ్లలో నోరు విప్పినవాళ్లు తక్కువ. చెబితే తమను ఏమనుకుంటారో అన్న భయానికీ, గే అన్న మాటను తిట్టుగా వాడే అలవాటుకూ మధ్య దూరం తక్కువే. యుద్ధ మ్యూజియాల్లో వీరులకు చోటుంది, తల్లులకు చోటుంది. ఈ మౌనానికి చోటు దొరకడం కష్టం.

లాటిన్ వంతెనకు కొంచెం ఎగువన, ఏటి అవతలి గట్టున 'ఇనాత్ కూచా' అని ఒక పాత ఇల్లుంది, ఇప్పుడు భోజన హోటల్. ఇనాత్ అంటే పంతం. ఆస్ట్రియావాళ్లు సిటీ హాలు కట్టడానికి ఈ ఇంటి స్థలం కావాలంటే యజమాని ముసలాయన ససేమిరా అన్నాడట. చివరికి ఒక సంచి బంగారు నాణేలు తీసుకుని, ఇటుక ఇటుకా విప్పి ఏటికి అవతల మళ్లీ కట్టి ఇస్తేనే కదిలాడని చెబుతారు. ఆ సిటీ హాలు తర్వాత జాతీయ గ్రంథాలయమైంది. 1992 ఆగస్టులో గుళ్లు పడి లక్షల పుస్తకాలతో తగలబడింది, 2014లో మళ్లీ తెరుచుకుంది. సరయేవో మనిషి స్వభావం ఏమిటంటే ఇనాత్ అనే జవాబు వస్తుంది. ముట్టడిలో నేలమాళిగల్లో నాటకాలు ఆడింది ఆ పంతంతోనే.

కరోనా ఏడాది తప్పించి ప్రైడ్ మళ్లీ మళ్లీ జరుగుతోంది. 2021లో ఆగస్టులో, ఆ తర్వాత ఏటా జూన్‌లో. కంచెలు అలాగే ఉన్నాయి, సంచులు వెతకడం అలాగే ఉంది. ఆ కాసేపూ టిటో వీధిలో ట్రామ్‌లు ఆగిపోతాయి. మార్చ్ అయిపోయాక కంచెలు ఎత్తేస్తారు, ట్రామ్ గంట మళ్లీ వినిపిస్తుంది. జెండాలు మడిచి సంచుల్లో పెట్టుకున్నవాళ్లూ, అఖండ జ్యోతి దగ్గర ఫొటో దిగిన టూరిస్టులూ అదే ట్రామ్ ఎక్కుతారు.